మా ఓడ దుబాయి మీదుగా పోదు

ఆ రోజుల్లో మా వైపు ఊరికి వచ్చిన మగవాణ్ని ఎవరూ బాగున్నావా అని అడిగేవారు కాదు. "ఎప్పుడొచ్చినవ్, ఎప్పుడు పోతున్నవ్?" అని ఒక్క గుక్కలో అడిగేవారు. రెండు ప్రశ్నల మధ్య ఊపిరి పీల్చుకునే సందు కూడా ఉండేది కాదు. వాళ్ళ తప్పేమీ లేదు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో ఏ వీధి చూసినా ఇంటికొక మనిషి దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉండేవాడు. రెండేళ్ళకోసారి రెండు నెలల చుట్టి మీద (సెలవును మా దగ్గర చుట్టి అంటారు) దిగి, సెంటు వాసనతో వీధంతా తిరిగి, పిల్లలకు చాక్లెట్లు పంచి, మళ్ళీ విమానం ఎక్కేవాడు. వచ్చినవాడు పోవాలి, అది ధర్మం. వచ్చి ఉండిపోతానన్న మనిషిని ఏం చేయాలో మా వీధికి తెలియదు. పదిహేనేళ్ళ క్రితం నేను అలా ఉండిపోదామని వచ్చి పడ్డ తిప్పలు ఇప్పుడు చెప్తే నా భార్యే నవ్వుతుంది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

నేను పోయింది దుబాయి కాదు, నేవీ. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక దోస్తు భర్తీకి పోతుంటే తోడు పోయాను. ఛాతీ కొలతలో వాడు పోయాడు, నేను మిగిలాను. సముద్రం అప్పటికి నేను చూడనేలేదు. నిజం చెప్పాలంటే తర్వాత కూడా సరిగ్గా చూడలేదు. నన్ను వేసింది ఇంజన్ రూములో. ఓడ అడుగున, కిటికీ లేని చోట, పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడని మోతలో పదిహేనేళ్ళు గడిపాను. (అందుకే ఇప్పటికీ నేను గుసగుసగా చెప్పిన రహస్యం రెండిళ్ళ అవతలికి చేరుతుంది.) ఊళ్ళో అందరూ "సముద్రం ఎట్లుంటది?" అని అడిగేవారు. "వేడిగుంటది, డీజిలు వాసనొస్తది" అనేవాణ్ని. హాస్యమాడుతున్నాననుకొని వీపు తట్టేవారు. పడుకోవడం మూడంతస్తుల మంచాల మీద. పైవాడి కాలు నా ముఖం మీద వేలాడేది, నా గురక కిందివాడి కలలోకి పోయేది. దేవుడా, ఒక్కరోజు నన్ను ఒంటరిగా వదలవయ్యా అని కొండగట్టు అంజన్నకు మొక్కుకునేవాణ్ని. ఆయన విన్నాడు, కాకపోతే కాస్త ఎక్కువగానే విన్నాడు.

మధ్యలో పెళ్ళయింది. నా భార్య వాళ్ళమ్మకు ఒక్కతే బిడ్డ, మామ అప్పటికే లేడు. నేనెట్లాగూ నీళ్ళ మీదే కనుక ఆమె తల్లి దగ్గరే ఉండిపోయింది. ముందర్రలో (ముందు గదిలో) కుట్టుమిషన్ పెట్టుకుంది. వీధిలోని జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. ఏడాదికోసారి నేను లీవు మీద దిగితే అత్త పండగ చేసేది. పై అలమారలోంచి పువ్వుల అంచు కంచం దిగేది (అది నాకూ, పిల్లను చూడవచ్చిన పెళ్ళివాళ్ళకూ తప్ప ఎవరికీ దిగదు). రోజూ కోడి. నీళ్ళు ముంచుకోబోతే "అయ్యో, నువ్వెందుకు బిడ్డా" అని చేతిలో చెంబు గుంజుకునేది. మా పిల్ల పుట్టాక అదీ ఆ మర్యాదలో చేరిపోయింది. మొదటి రోజు తలుపు చాటునుంచి చూసేది, మూడో రోజుకు దగ్గరకొచ్చేది, పదో రోజుకు భుజమెక్కేది. ఇక అలవాటు పడింది అనుకునేసరికి నా బస్సు వచ్చేది. మళ్ళీ ఏడాది తలుపు చాటునుంచే మొదలు.

పదిహేనేళ్ళూ నిండాక బ్యాగు భుజాన వేసుకొని ఇల్లు చేరాను. పిల్లకప్పుడు ఎనిమిదేళ్ళు. దారిపొడుగునా ఒకటే ఆలోచన, ఇక పిల్లను రోజూ నేనే బడికి దింపాలి, నా ఇంట్లో నేను మనిషిగా ఉండాలి అని. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూనే అత్తకు చెప్పాను.

"అత్తా, ఇగ నేను పోను. అయిపోయింది."

అత్త ముఖంలో రంగు మారింది. "అయిపోయిందంటే? తీసేసిండ్రా?"

"తీసేసుడు గాదత్తా. టైము అయిపోయింది. పెన్షన్ గూడ వస్తది."

"పెన్షన్ ముసలోళ్ళకు గదా ఇచ్చేది? నువ్వు పోరనివైతివి. ఏం తప్పు జేసినవ్ బిడ్డా, నాకు జెప్పు, ఎవ్వలకు చెప్ప."

ఆమె భయం తర్వాత అర్థమైంది. మా వీధి చివర ఒకాయన ఉండేవాడు. ఎప్పుడో చిన్నప్పుడు షార్జా పోయి, పని పడక మూడు నెలలకే వీసా క్యాన్సల్ చేసుకొని వచ్చేశాడట. అంతే, ఆయన పేరు పోయి క్యాన్సలోడు మిగిలాడు. తర్వాత ఆయన పొలం కొన్నాడు, ఇల్లు కట్టాడు, వార్డు మెంబరుగా గెలిచాడు. అయినా ఆయన కొడుకు పెళ్ళిపత్రిక పంచుతుంటే "ఎవరింటి పెండ్లి?" అని ఒకరడిగితే "క్యాన్సలోని కొడుకుది" అని ఇంకొకరు చెప్పారు. నా కూతురు రేపు క్యాన్సలోని బిడ్డ అవుతుందని అత్త దిగులు. నేవీలో క్యాన్సల్ ఉండదని ఆమెకు ఎంత చెప్పినా ఎక్కలేదు. ఎక్కించే సమయమూ దొరకలేదు, ఎందుకంటే అప్పటికే మస్కట్ మామ వచ్చి గద్దె (అరుగు) మీద కూర్చున్నాడు.

మస్కట్ మామ ఎదురింటాయన. ఇరవై ఏళ్ళు మస్కట్‌లో మేస్త్రీగా చేసి వచ్చాడు. పైదేశాల సంగతుల్లో మా వీధికి ఆయన మాటే చట్టం. "మీ కంపెనీ పేరేంది అల్లుడా?" అని మొదలుపెట్టాడు.

"కంపెనీ గాదు మామా, నేవీ."

"గదే, నేవీ కంపెనీ. పెద్దదే, విన్న. తిండి వాళ్ళదేనా?"

"వాళ్ళదే."

"మంచి కంపెనీ. మరి ఎన్ని నెలల చుట్టి?"

నేను నోరు తెరిచాను. లోపలి నుంచి అత్త గొంతు నాకంటే ముందు బయటికొచ్చింది. "రెండు నెలలు! గీసారి రెండు నెలలిచ్చిండ్రు!" మామ తృప్తిగా తలాడించాడు. సాయంత్రానికి వీధంతా నా చుట్టి రెండు నెలలని స్థిరపడిపోయింది. ఒక ఆర్డరు పైనుంచి వచ్చాక ఎదురు చెప్పడం పదిహేనేళ్ళలో ఎవరూ నాకు నేర్పలేదు. నేనూ ఊరుకున్నాను.

ఆ రెండు నెలలు నేను ఇంట్లో ఉన్నానో, లాడ్జిలో ఉన్నానో ఇప్పటికీ చెప్పలేను. మొదటి తిప్పలు నిద్రతో. ఇంజన్ మోతలో పడుకున్న మనిషిని, ఆ నిశ్శబ్దంలో కన్ను మూతపడితే ఒట్టు. ఓడలో ఇంజన్ ఆగిందంటే ఏదో ముంచుకొచ్చినట్టు, అందుకని నిశ్శబ్దం వినగానే నా ఒళ్ళు దిగ్గున లేచి కూర్చునేది. నాకు నిద్రపట్టే చోటు ఒక్కటే దొరికింది, పగటిపూట నా భార్య కుట్టుమిషన్ పక్కన. ఆ టకటకలో పసిపిల్లాడిలా పడిపోయేవాణ్ని. కానీ అక్కడికి జాకెట్ల కొలతలకు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. లుంగీలో వెల్లకిలా పడి గురకపెడుతున్న నేవీని చూసి "మళ్ల వస్తం అక్కా" అంటూ గుమ్మంలోంచే తిరిగిపోయేవాళ్ళు. బేరం పోతోందని నా భార్య నన్ను లేపి నడిమర్రకు పంపేది. అక్కడ అత్త బియ్యం చెరుగుతుండేది, లేచి పెరట్లోకి పొమ్మనేది. పెరట్లో పిల్ల దోస్తులతో ఆడుతుండేది, నేను రాగానే అందరూ ఆట ఆపేసి చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు.

ఇంకో అలవాటు ఉండేది. ఓడ దిగాలంటే అనుమతి కావాలి. అది నా ఎముకల్లోకి పోయింది. చాయ్ తాగడానికి చౌరస్తా దాకా పోవాలన్నా కడప (గడప) దగ్గర సావధాన్‌లో బిగుసుకొని నిలబడి "అత్తా, బయటికి పోతున్న" అని, ఆమె సరే అనేదాకా కదిలేవాణ్ని కాదు. ఒకరోజు ఆమె స్నానానికి పోయిన సంగతి తెలియక అలాగే నిలబడ్డాను. దారిన పోయేవాళ్ళంతా ఆగి చూశారు. ఆమె తల తుడుచుకుంటూ వచ్చి, "ఏందయ్యా, ఎవలన్న కొట్టిండ్రా?" అంది. సాయంత్రం కాగానే చేతులు వెనక్కి కట్టుకొని ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, గ్యాసు బండ, తలుపుల గడియలు, బియ్యం డబ్బా మూత అన్నీ తట్టి చూసేవాణ్ని. "అల్లుడేమన్న పారేసుకున్నడా?" అని అత్త కూతుర్ని అడగడం విన్నాను. పారేసుకున్నదేదో నాకూ తెలియలేదు. అంగీ తగిలించుకుందామంటే గోడకున్న మేకులన్నింటికీ ఎవరివో ఒకరివి ఉండేవి. నా బట్టలు బ్యాగులోనే ఉండేవి, రోజూ అందులోంచి తీసి అందులోనే పెట్టేవాణ్ని. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు. ఎవరూ నన్నొక మాట అనేవాళ్ళు కాదు, అందరూ మర్యాదగా చూసేవాళ్ళు. ఆ మర్యాదకు నాకు ఊపిరాడేది కాదు.

ఒకరోజు పిల్లకు జడ వేస్తానని కూర్చోబెట్టుకున్నాను. (తాడు ముడుల్లో నాకు మంచి పేరుండేది. ఆ జడ విప్పడానికి తర్వాత వాళ్ళమ్మకు కత్తెర కావలసి వచ్చింది, అది వేరే కథ.) పిల్ల కాసేపు ఓపిక పట్టి నెమ్మదిగా అడిగింది.

"బాపూ, నీ చుట్టి ఎప్పుడైపోతది?"

"ఎందుకు బిడ్డా?"

"ఊకెనే."

"ఊకెనే ఎవలడుగుతరు? చెప్పు."

కాసేపు నసిగి చెప్పింది. "నువ్వస్తే నేను అమ్మమ్మ పక్కన పండాలె. అమ్మమ్మ గురక పెడ్తది. నువ్వు పోతే మళ్ల అమ్మ పక్కన పండుత."

అందులో కోపం లేదు, పాపం. మామూలుగా అడిగింది. నేను నవ్వాను. నవ్వి, లేచిపోయి పెరట్లో బావి గిలకకు గ్రీజు పెట్టాను. అవసరం లేకపోయినా రెండుసార్లు పెట్టాను. నా బిడ్డ నేను పోయే రోజు కోసం చూస్తోందని తెలిశాక ఇంకేం చేయాలో తోచలేదు.

రెండు నెలలు నిండవచ్చాయి. మస్కట్ మామ గద్దె మీదికొచ్చి "టికెటైందా?" అన్నాడు. ఇంట్లోంచి సకినాల నూనె వాసన వచ్చింది. ప్రతి లీవు చివరా అత్త చేసే పనే అది, బియ్యప్పిండి నానబెట్టి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలిచి, గుడ్డ మీద సకినాలు చుట్టించడం. నేను వంటింట్లోకి పోయి నిలదీశాను. ఆమె కళ్ళొత్తుకుంది.

"ఒక్క నాలుగు రోజులు బిడ్డా. అంజన్న గుట్ట మీద ఉండు, దర్శనం జేసుకో, పుణ్యం వస్తది. మళ్ల వచ్చినంక కంపెనోళ్ళు చుట్టి పెంచిండ్రని జెప్త. గట్ల పెంచుకుంట పెంచుకుంట పోతే జనం మర్చిపోతరు."

నా భార్య దగ్గరికి పోయాను. ఆమె నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకొని కాలరు సవరిస్తోంది. "నేనేం జెయ్యాలె, నువ్వే చెప్పు" అన్నాను. సూదులు తీసి గుడ్డకు గుచ్చింది. "నన్నడుగుతే ఏం జెప్పాలె? గిన్నేండ్ల సంది నువ్వు పోతే ఎట్లుండాలెనో నేర్సుకున్న. నువ్వుంటే ఎట్లుండాలెనో నాకు గూడ కొత్తనే. నువ్వేం గావాలనుకుంటున్నవో నువ్వే నోరు దెరిచి చెప్పు" అంది. నోరు తెరవమంటే ఇంజన్ రూము గొంతు ఉన్న నాకు ఆ రోజు మాట రాలేదు. పోనీ, పోతాను, అప్పుడన్నా నా పిల్ల ఏడుస్తుందేమో చూస్తాను అనుకున్నాను. ముప్పై మూడేళ్ళ గడ్డం మనిషి ఎనిమిదేళ్ళ పిల్ల మీద అలగడం ఇది!

సాగనంపడానికి వీధంతా కదిలింది. నీళ్ళబిందెతో ఎదురు రావడానికి పక్కింటి ముత్తయిదువను నిలబెట్టారు. ఆటో చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. అంతవరకు మామూలే. అప్పుడు మొదలైంది అసలు సంగతి. ఒకామె పెద్ద ప్లాస్టిక్ డబ్బాతో ముందుకొచ్చింది.

"తమ్మీ, మావోడు దుబాయిల సోనాపూర్ క్యాంపుల ఉంటడు. మీ ఓడ గట్లకెళ్ళే పోతది గదా, గీ మామిడికాయ తొక్కు జర ఇచ్చిపో."

"అక్కా, మా ఓడ దుబాయి మీదుగా పోదు."

"సముద్రం ఒక్కటే గదనే!" అని మస్కట్ మామ తీర్పు చెప్పాడు. "ఒడ్డుకు జరసేపు ఆపితే ఏంబోతది? వాడే వచ్చి తీసుకుంటడు." చుట్టి మీద వచ్చినవాడు తిరిగిపోయేటప్పుడు పదిమంది ముల్లెలు మోసుకుపోవడం మా వైపు ఆచారం. కాదన్నవాడు మనిషే కాదు. ఇంకొకామె సకినాల సంచి, ఇంకొకామె గర్జెల (కజ్జికాయల) డబ్బా, ఇంకొకామె కొడుకు నడుంనొప్పికి ఏదో తైలం. చివరికి మూడిళ్ళ అవతలి కొత్త కోడలు వచ్చింది. పెళ్ళయిన నలభై రోజులకే మొగుడు సౌదీ పోయాడు. చేతిలో చేతిరుమాలులో చుట్టిన చిన్న ముల్లె. ఎవరూ వినకుండా, "అన్నా, ఆయన చేతికే ఇయ్యుండ్రి, వేరేటోళ్ళకు ఇయ్యకుండ్రి" అంది. ఆమెకు నేను సౌదీ పోవడం లేదని చెప్పడానికి నాకు గుండె చాలలేదు. తీసుకొని అంగీలో పెట్టుకున్నాను.

ఆటో కదిలేముందు పిల్లకోసం చూశాను. గుమ్మంలో లేదు. నా భార్య కంట్లో నీళ్ళున్నాయి, ముఖం పక్కకు తిప్పుకుంది. తెరిచిన కిటికీలోంచి చూస్తే పిల్ల తన మెత్తను (తలగడను) అమ్మమ్మ మంచం మీదనుంచి వాళ్ళమ్మ మంచం మీదికి ఈడ్చుకుపోతోంది. నన్ను చూసి ఒక చేత్తో టాటా చెప్పింది. రెండో చేతిలో మెత్త ఉంది మరి.

మా వీధి ఆటో భాయ్ నన్ను బస్సెక్కించి వెళ్ళిపోయాడు. కరీంనగర్ పోయే ఆ బస్సులోంచి కొండగట్టు దగ్గరే దిగి, ఇంకో ఆటోలో గుట్టెక్కి, ముల్లెలన్నీ మధ్యలో పెట్టుకొని ఒక చెట్టు కింద కూర్చున్నాను. శనివారం. కుటుంబాలు కుటుంబాలుగా జనం వస్తున్నారు. పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, కొబ్బరికాయల కోసం దెబ్బలాడుకునే అన్నదమ్ములు. ఎవరింటికి వాళ్ళు పోయేవాళ్ళే. ఇంత జనంలో, దేశం తిరిగొచ్చిన నేను, ఇంటికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, పోవడానికి చోటు లేక కూర్చున్నాను. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుందామని చేతులెత్తాను. ఆ క్షణం కోసమే చూస్తున్నట్టున్నాయి, కోతులు దిగాయి.

కొండగట్టు కోతుల గురించి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒకటి సకినాల సంచిని చింపింది. ఇంకొకటి గర్జెల డబ్బా మూతను నాకంటే నేర్పుగా తిప్పి తీసింది. ఒక పెద్దది తొక్కు డబ్బాలో చెయ్యి పెట్టి, నాకి, ఆ అక్క కారం దెబ్బకు కెవ్వుమని నా నెత్తి మీదుగా దూకింది. అంగీలోని ముల్లె మీదికి ఒక పిల్లకోతి వచ్చింది. ముల్లె మాత్రం ఇవ్వలేదు. రెండు చేతులా గుండెకు అదుముకొని, "హట్! హట్!" అని ఇంజన్ రూము గొంతుతో అరిచాను. గుట్ట మీదున్న భక్తులంతా దర్శనం వరస వదిలి నన్నే చూశారు. నేను యుద్ధం చూడలేదు. నౌకాదళంలో పదిహేనేళ్ళలో నాకు దక్కిన పోరాటం ఇదొక్కటే. అందులోనూ ఓడిపోయాను.

"క్యా సాబ్! ఓడ గుట్టెక్కిందా?"

వెనక్కి తిరిగి చూస్తే మా వీధి ఆటో భాయ్. నన్ను బస్సెక్కించాక భక్తుల బేరం దొరికి గుట్ట మీదికొచ్చాడట. జుట్టునిండా సకినాల పొడి, అంగీ మీద తొక్కు నూనెతో నేను. దాచడానికి ఏముంది? జరిగిందంతా చెప్పాను. అతను నా పక్కన చతికిలబడి, మిగిలిన ఒక సకినం ముక్క ఊది నోట్లో వేసుకున్నాడు.

"నేను సౌదీకెళ్ళి వచ్చినప్పుడు మా అమ్మీ గూడ గిట్లనే చుట్టి అని జెప్పింది సాబ్. ఆర్నెల్లు ఇంట్లకెళ్ళి బయటికి రాలే. పిచ్చి లేసింది. ఒకరోజు ఆటో కొనుక్కొని బయటికెళ్ళిన. రెండ్రోజులు నవ్విండ్రు. మూడో రోజు ఆటో ఎక్కిండ్రు. గంతే. ఫికర్ జెయ్యకు, లెవ్వు. ఇంటికి పోవుడుకు వీసా ఎందుకు సాబ్?"

ఆ మాటతో లేచాను. ఆటోలో దారిపొడుగునా ఏం చెప్పాలో లోపలే చెప్పుకున్నాను. వీధిలోకి తిరిగేసరికి పొద్దు వాలుతోంది. ఆడవాళ్ళు గద్దెల మీద ఉన్నారు, మస్కట్ మామ తన కుర్చీలో ఉన్నాడు, అత్త కడప దగ్గర చాట పట్టుకొని ఉంది. నన్ను చూసి చాట జారవిడిచింది. నేను వీధి నడిమధ్య నిలబడ్డాను.

"అందరు వినుండ్రి! నేను మళ్ల పోను! నా నౌకరి అయిపోయింది! క్యాన్సల్ అంటరో, ఏమంటరో మీ ఇష్టం! గిది నా ఇల్లు, నేను గిక్కడనే ఉంట!"

కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను, పక్క వీధి వాళ్ళు కూడా వచ్చారు. అందరికంటే ముందు తొక్కు డబ్బా అక్క, "మరి మా తొక్కు?" అంది. కోతులు తిన్నాయన్నాను. "సకినాలు?" అవీ. "తైలం?" తైలం ఎక్కడ పోయిందో నాకూ తెలియదు, ఏ కోతి నడుముకు రాసుకుందో. వీధంతా ఒక్కసారిగా గొల్లుమంది. మస్కట్ మామ మాత్రం గంభీరంగా, "టికెట్ పైసలు కంపెనీ వాపస్ ఇస్తదా?" అని అడిగాడు. నేను కొత్త కోడలి దగ్గరికి పోయి అంగీలోంచి ముల్లె తీసి ఇచ్చాను. "గిదొక్కటే కాపాడిన చెల్లె, మాఫ్ చెయ్యి" అన్నాను. ఆమె ముల్లె అందుకుని, దాన్నే చూస్తూ, "మా ఆయన గూడ గిట్ల క్యాన్సలై ఆటోల దిగితే ఎంత బాగుండు" అంది. నవ్వులు ఆగిపోయాయి. అందరిళ్ళలోనూ ఒక మనిషి లోటే కదా. అత్త ఏమనుకుందో ఏమో, కింద పడ్డ చాట ఎత్తుకొని, "లోపలికి రా బిడ్డా, కాళ్ళు కడుక్కో. రేపటి సంది కోడి లేదు, పచ్చిపులుసే" అంది.

గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. "ఏం మర్చిపోయినవ్ బాపూ?" అంది. తండ్రి వెనక్కి వచ్చాడంటే ఏదో మరిచిపోయే వచ్చి ఉంటాడు, దాని లెక్కలో ఇంకో కారణం లేదు. "ఏం మర్వలే బిడ్డా. ఇగ పోను" అన్నాను. అది చాలాసేపు ఆలోచించింది. "ఎప్పటికా?" "ఎప్పటికి." "మరి నేనెక్కడ పండాలె?" అంది, ఏడుపు గొంతుతో. నేను పొద్దున ఆశపడ్డ ఏడుపు దొరికింది, కానీ నాకోసం కాదు. ఆ వారం నేను ముందర్రలో మిషన్ పక్కన చాప వేసుకున్నాను. నా భార్య మాత్రం సుత్తి తెచ్చి గోడకొక మేకు కొట్టి నా అంగీ తగిలించింది.

అయినా పిల్ల నన్ను చుట్టంలాగే చూసేది. పేచీ పెట్టదు, ఏమీ అడగదు, "మంచిది బాపూ" అంటుంది. ఒక ఆదివారం పొద్దున మిద్దె మీద నీళ్ళ ట్యాంకు దగ్గర ఉన్నాను. కింద స్నానాల అర్రలో నీళ్ళు ధారగా పోతున్న చప్పుడు. ఓడలో మంచినీళ్ళంటే ప్రాణం. ఒళ్ళు తడుపుకొని నల్లా కట్టాలి, సబ్బు రాసుకొని మళ్ళీ విప్పాలి, అంతే. అంత ధార వింటే నా గుండె ఆగిపోయింది. చెయ్యి దానంతటదే పోయి వాల్వు కట్టేసింది. కిందనుంచి మా పిల్ల కేక.

"ఎవలది! నీళ్ళు బంజేసింది ఎవలు!"

"నేనే బిడ్డా. జర తక్కువ..."

"బాపూ! నీకు బుద్ధున్నదా! కండ్లల్ల సబ్బు పోతుంది! నీకేం పని లేదా? ఎప్పుడు జూసినా ఏదో ఒకటి బంజేస్తవ్! ఇప్పు!"

"అయ్యో, బాపును గట్లంటరానే!" అని అత్త పరుగెత్తుకొచ్చింది. "అంట! మళ్ల అంట! బాపుకేం తెల్వది!" అని లోపలి నుంచి పిల్ల. నేను ట్యాంకు దగ్గర నిలబడిపోయాను. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎవరూ అట్లా తిట్టరు. ఎనిమిదేళ్ళ నుంచి నా బిడ్డ నన్నొక్క మాట అనలేదు. ఆ రోజు అంది, వీధంతా వినేట్టు అంది (గొంతు నాదే వచ్చింది). నాకు కళ్ళు మసకబారి వాల్వు ఎటు తిప్పాలో తెలియక ఇంకాస్త బిగించాను. తిట్లు ఇంకా పెరిగాయి. అంత హాయిగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

ఇప్పుడు నాకు బోరుమోటార్లు బాగుచేసే షెడ్డుంది. వీధిలో నన్ను క్యాన్సల్ సాబ్ అంటారు, పిలిస్తే పలుకుతాను. పిల్ల ఉట్నూర్‌లో టీచరు. అడవి ఊరు, సిగ్నలు సరిగా ఉండదు. ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. ఈమధ్య పెద్దరికం వచ్చింది దానికి. "బాగున్నారా బాపూ, ఆరోగ్యం జాగర్త" అని నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడుతుంది. ఆ మర్యాద వింటే నాకు భయమేస్తుంది. "బీపీ గోలి వేసుకున్నరా?" అని అడుగుతుంది. పొద్దున్నే వేసుకునే ఉంటాను. అయినా ఫోను చెవికి గట్టిగా ఆనించుకొని, "లేదు బిడ్డా, మర్చిపోయిన" అంటాను.